ఉయ్యాల దాకా అడుగులు

లాల్మతీలో తెలుగు బడి శనివారం మధ్యాహ్నాలు కోవెల పక్క హాల్లో జరిగేది. మా దీవికి స్వాతంత్ర్యం రాబోతున్న ఏడాది కదా, గురువు నారాయణస్వామిగారికి ఉత్సాహం పొంగుకొచ్చింది. మీ ఇంట్లో పోయినవాళ్ళ గుర్తుగా మన పాతకాలపు బొమ్మలు వెయ్యండి, ప్రదర్శన పెడదాం అని పిల్లలకు చెప్పారు. శంఖం, తామర, దీపం, పాదాలు... అన్నీ నేర్పారు. ఏది ఎవరికి వెయ్యకూడదో మాత్రం నేర్పలేదు, మహానుభావుడు!

మా అక్క ముత్యాలమ్మ పురిట్లో పోయింది. "బిడ్డని నా పక్కలో పడుకోబెట్టండి" అంటూనే పోయింది. అప్పటినుంచీ ఆ పసివాణ్ణీ, వాడి అక్క గౌరినీ నేనే చూసుకుంటున్నాను. వాడంటే నాకు ప్రాణం.

ఆ వారంలోనే ఒకరోజు తుఫాను హెచ్చరిక వచ్చింది. బావ జగ్గయ్య పోర్ట్ లూయిస్ రేవులో పనికి వెళ్ళి, బస్సులు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నాడు. పట్టపగలే తలుపు గడియ వేసి, కిటికీలకు చెక్కలు కొట్టి, లాంతరు వెలిగించుకున్నాం. బయట చెరుకుతోటలు హోరుమంటున్నాయి. పైన రేకులు గడగడలాడుతున్నాయి. ఉయ్యాలలో బాబు ఒకటే ఏడుపు. పాలు కలుపుకుని వంటింట్లోంచి వచ్చేసరికి నేలంతా తెల్లటి పాదాలు.

కృష్ణాష్టమికి వేస్తామే, తడి బియ్యప్పిండిలో పిడికిలి ముంచి అద్ది, వేలికొనలతో వేళ్ళు పెట్టి... అవే. వాకిలి నుంచి లోపలికి వేసి ఉన్నాయి.

"ఎవరికే ఇవి?"

"అమ్మకి, పిన్నీ. తెలుగు బడి మిస్యే వెయ్యమన్నారు."

"ఉయ్యాల దాకా ఎందుకు వేశావ్?"

"తమ్ముడు ఎక్కడున్నాడో అమ్మకి తెలీదు కదా..."

లోపలికి అడుగులు వేసేది దేవుళ్ళకి. పోయినవాళ్ళకి వేస్తే రమ్మని పిలిచినట్టే. "అయో తీఫీ, చిట్టితల్లీ, ఎంత పని చేశావే!" అంటూ తడిగుడ్డతో తుడిచేశాను. పాపం, పిల్ల ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

అంతలో వాసన వచ్చింది. సాంబ్రాణి, వాము... బాలింత గది వాసన.

గౌరి నా చెయ్యి పట్టుకుంది. "పిన్నీ... చూడు."

తుడిచిన చోటే పాదాలు తేలుతున్నాయి. ఒకటి. తర్వాత ఇంకొకటి. తడిగా... మెల్లగా... ఉయ్యాల వైపు.

ఉయ్యాల ఊగింది. బాబు ఏడుపు ఠక్కున ఆగింది.

"అక్కా..." ఉయ్యాల పట్టుకుని ఆపబోయాను. "వాణ్ణి వదిలెయ్యి. నేను పెంచుతాను. నీ కాళ్ళు పట్టుకుంటాను..."

ఉయ్యాల ఆగలేదు. నాకు ఒక్కటే తోచింది. పిండి గిన్నె లాక్కుని, ఉయ్యాల దగ్గర్నుంచి వాకిలి వైపు తిరిగిన పాదాలు అద్దుకుంటూ పోయాను. "వెళ్ళు అక్కా... వెళ్ళిపో..." చివరి పాదం గడప మీద వేశాను.

గడియ దానంతటదే జారింది. తలుపు తెరుచుకుంది. గాలి కొట్టింది. లాంతరు ఆరింది.

వాసన పోయింది.

తలుపు మూసి, తడుముకుంటూ లాంతరు వెలిగించాను. ఉయ్యాల దగ్గరికి పరిగెత్తాను. బాబు ఉన్నాడు! భుజాన వేసుకుని ముద్దులు పెట్టుకున్నాను. పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"పిన్నీ," గౌరి గుసగుసగా అడిగింది, "ఆ చిన్నవి కూడా నువ్వే వేశావా?"

చూశాను. నేను వేసిన పాదాల పక్కనే, నా బొటనవేలంతేసి పాదాలు... ఉయ్యాల నుంచి వాకిలి దాకా. అన్నీ బయటికే.

మా బాబుకి ఇంకా మెడ నిలవలేదు. నా భుజం మీదున్నవాడు తల నిటారుగా ఎత్తి, వాకిలి వైపు చూస్తున్నాడు.