అబొటాన్సో ఎత్తెంత?

"మళ్లీనా?" అంది అసాబియా.

"మళ్లీ కొలవాల్సిందే," అన్నాడు లార్టే, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. "మ్యాప్‌లో అబొటాన్సో ఊరి ఎత్తు నాలుగొందల యాభై మీటర్లు. మీరేమో నూటముప్పై ఏడు తెచ్చారు. మూడొందల మీటర్ల కొండ ఎటు పోయింది మేడమ్? కోతులు ఎత్తుకుపోయాయా?"

ఇంకో రోజైతే నవ్వేదే. కొఫొరిడువా పట్నంలోని ఆ నీటి పథకం ఆఫీసులో ఆమె సర్వేయరు, అతను మ్యాపులు తయారుచేసేవాడు. ఏడాదిగా మధ్యాహ్నాలు ఒకే పొట్లంలో కెంకీ అనే పులిసిన మొక్కజొన్న ముద్ద, వేయించిన చేప పంచుకు తింటున్నారు. అతని ఎకసెక్కాలంటే ఆమెకు ఇష్టం. అతనంటే ఇంకా ఇష్టం. కానీ వారంలో రెండుసార్లు కొండెక్కి దిగిన మోకాళ్లకు ప్రేమ గుర్తుండదు.

"రెండుసార్లూ అంతే వచ్చింది. మీ మ్యాపే తప్పేమో."

"చాన్సే లేదు. పాత మ్యాపు షీట్లన్నీ నేనే కూర్చుని కంప్యూటర్‌లోని కొత్త గ్రిడ్‌లోకి మార్చాను. మన పంపు రెండొందల మీటర్లు దాటి నీళ్లు ఎక్కించలేదు. ఇవాళ నాలుగింటికి నీళ్లిచ్చే ఊళ్ల లిస్టు రాజధానికి, అక్రా వెళ్తుంది. అందులో అబొటాన్సో ఉండదు." గొంతు తగ్గించాడు. "అది మీ అమ్మగారి ఊరు కదా. అందుకేమైనా... కొంచెం తగ్గించి..."

అసలే అలసట, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఈ మాట. అసాబియాకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. బల్ల మీదున్న గొడుగు తీసి అతని చేతిలో పెట్టింది.

"లేవండి. ఈసారి మీరే ఎక్కుదురుగాని."

ట్రోట్రో వ్యానులో జనం మధ్య ఇరుక్కుని గంట ప్రయాణం. కొండ మొదట్లోనే వాన పట్టుకుంది. రెండో మలుపులో గొడుగు తిరగబడింది. ఎర్రమట్టిలో అతని ఆఫీసు బూట్లు జారుతుంటే చెయ్యి ఇవ్వాలనిపించింది, ఇవ్వలేదు. కింద వాగులోంచి బకెట్లు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఆడవాళ్లు వాళ్లిద్దరినీ దాటుకుని వెళ్లిపోయారు.

"ఇంకా ఎంత?" అన్నాడు రొప్పుతూ.

"మీకే తెలియాలి. మ్యాప్ మీది కదా."

ఊరు దాటించి కొండ కొస దాకా నడిపించింది. అవతల లోయ తప్ప ఏమీ లేదు.

"ఆగిపోయారేం సార్? మీ లెక్కన ఇంకా మూడొందల మీటర్లుంది. ఎక్కండి."

లార్టే పైకి చూశాడు. పైన ఆకాశమే ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి తనే ముందుగా వెనక్కి తిరిగాడు.

వెనక్కి వస్తుంటే అసాబియా పెద్దమ్మ పిలిచి వరండాలో కూర్చోబెట్టింది. తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చింది, గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. అక్కడి ఆచారంలో వచ్చినవాడికి ముందు నీళ్లు, తర్వాతే ప్రశ్న. తాగినవాడు వచ్చిన పని చెప్పి తీరాలి.

లార్టే గ్లాసు వైపు చూశాడు. ఆ నీళ్లు ఎక్కడినుంచి ఎక్కి వచ్చాయో ఇప్పుడు అతనికి తెలుసు. ఒక గుక్క తాగి ఆగిపోయాడు.

"అడుగులు," అన్నాడు మెల్లగా.

"ఏంటి?" అంది అసాబియా.

"నాలుగొందల యాభై అడుగులు. ఆ షీట్లు తెల్లదొరల కాలంవి, అన్నీ అడుగుల్లోనే ఉంటాయి. కొత్త గ్రిడ్‌లోకి మార్చినప్పుడు ఊరు ఎక్కడుందో చెప్పే అంకెల్ని సాఫ్ట్‌వేర్ మీటర్లు చేసేసింది. ఎత్తుని మాత్రం ముట్టుకోలేదు. దాన్ని విడిగా మార్చుకోవాలి. నేను మార్చకుండానే పక్కన మీటర్లని రాసేశాను." ఫోన్‌లో లెక్క కట్టి ఆమెకు చూపించాడు. నూటముప్పై ఏడు.

"ఈ గోలంతా నాకెందుకు గానీ, ఏం పని మీద వచ్చావు నాయనా?" అంది పెద్దమ్మ.

"మీ ఊరికి నీళ్లు రాకుండా చేసింది నేనేనమ్మా. అది దిద్దడానికి వచ్చాను."

అప్పటికి మూడున్నర. వాళ్లిద్దరి ముందే ఆఫీసరుకు ఫోన్ చేశాడు. "సార్, సర్వేయర్ తప్పని రెండుసార్లు రాశాను. తప్పు నాది. ఆమె అంకెలే కరెక్టు... అవును సార్, మిగతా ఊళ్లవి కూడా చూడాలి. లిస్టు ఆపండి." అవతలి కేకలు వీధిలోకి వినబడ్డాయి. అన్నీ నిలబడి విన్నాడు. లిస్టు ఆగింది.

అసాబియాకు ఎగిరి గంతేయాలనుంది. కాళ్లు ఒప్పుకోలేదు. అతని పక్కనే చతికిలబడింది.

"మిమ్మల్ని అబద్ధాలకోరు అన్నాను," అన్నాడు లార్టే.

"అనలేదు. అనబోయి ఆగారు. అదే ఇంకా బాధ."

అతను తలదించుకున్నాడు.

"వచ్చిన పని అంతేనా?" అంది పెద్దమ్మ, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"ఇంకోటి ఉందమ్మా. ఇవాళ చెప్పే మొహం లేదు. ఇక్కడ కొళాయి తిప్పినరోజు చెబుతాను."

"అంతవరకు ఆగే ఓపిక నాకు లేదు," అంది అసాబియా. "ఏడాదిగా ఆగుతూనే ఉన్నా. అలిసిపోయాను లార్టే. చెప్పేదేదో ఇప్పుడే చెప్పు."

చెప్పాడు. పెద్దమ్మ వింటుండగానే, తడబడుతూ, మొత్తం చెప్పాడు.

"ఈ పనికి ఒక్కడివే వస్తే కుదరదు నాయనా. మీ పెద్దవాళ్లను వెంటబెట్టుకు రా," అంది ఆవిడ, ఖాళీ గ్లాసు అందుకుంటూ.

అసాబియా అప్పటికే బూట్లు విప్పేసి, అతని తడి భుజానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.