పశువుల పాకలో లడ్డూ

ఎల్బీనగర్‌లోని ఆ గల్లీలో వినాయక మండపం కట్టాలంటే మహేందరే కట్టాలి. తొమ్మిదేళ్లుగా వెదురు బొంగులు, సీరియల్ బల్బులు అతను చెప్పినట్టు వింటున్నాయి. ఎదురింటి జ్యోతిక మాత్రం వినలేదు. సెప్టెంబరులో పరీక్షకు చదువుకోనివ్వడం లేదని వచ్చి, అతను చూస్తుండగానే మైకు వైరు పీకేసి వెళ్లింది. ఆ రోజు నుంచి మహేందర్‌కు అన్నం సరిగా సయించడం లేదు.

డిసెంబరు ఇరవైన ఆ పిల్లే మహేందర్ వాళ్ల గేటు తట్టింది. ఏటా వరండాలో బాలయేసు పుట్టిన పశువుల పాక కట్టేది వాళ్ల నాన్న ప్రభుదాసు మాస్టారు. ఈసారి నక్షత్రం కడుతూ స్టూలు మీంచి జారి కాలు బెణికించుకున్నారు.

"కొంచెం సాయం చేస్తారా? మైకు మాత్రం వద్దు" అంది.

మాస్టారు మెచ్చుకుంటే మనసులో మాట చెప్పే ధైర్యం వస్తుంది. మెచ్చకపోతే ఎదురిల్లు ఎప్పటికీ ఎదురిల్లే. అలా అనుకుని మహేందర్ స్నేహితుడు గౌతమ్‌ను బండెక్కించుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి లైట్లు, జరీ గుడ్డలు తెచ్చాడు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి గడ్డిమోపు తెప్పించాడు. వరండాకు పరదా కట్టి, నాలుగు రోజులు ఎవరినీ తొంగిచూడనివ్వలేదు, తల్లి ముత్తమ్మను తప్ప.

ఇరవై నాలుగు సాయంత్రం మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి పరదా తీశాడు.

ఐదు మెట్ల మండపం. రెండో మెట్టు మీద మరియమ్మ, యోసేపు చెరో పక్క ద్వారపాలకుల్లా నిలబడ్డారు. గొర్రెలు వరుసలో ఉన్నాయి. పైమెట్టు మీద బాలయేసుకు వెల్వెట్ గొడుగు, తల వెనక గిరగిరా తిరిగే రంగుల చక్రం. ఎదురుగా కొబ్బరికాయంత లడ్డూ.

జ్యోతిక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అది మెచ్చుకోలే అనుకున్నాడు మహేందర్.

"నిమజ్జనం ఎప్పుడు సార్? ట్రాలీ అతనికి ముందే చెప్పాలె."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మాకు నిమజ్జనం ఉండదు బాబూ. ఇంతకీ ఆ లడ్డూ ఎవరు పెట్టారు?"

మహేందర్ తల్లి వైపు చూశాడు. ముత్తమ్మే ముందుకొచ్చింది.

"నేనే సారూ. పచ్చి బాలింత ఉన్న ఇల్లాయె. పసిగుడ్డును చూడనీకి ఉత్త చేతులతోటి ఎట్ల వస్తం?"

మాస్టారు బాలయేసు బొమ్మ వైపు చూశారు. నలభై ఏళ్లుగా ఆ పాక కడుతున్నారు. అందులో నిజంగా ఒక బిడ్డ పుట్టాడన్నట్టు ఆయన ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, ఆయనతో సహా. తర్వాత కట్టు కట్టిన కాలు అదిరేలా నవ్వారు.

"ఈ బిడ్డను చూడవచ్చిన జ్ఞానులూ ఉత్త చేతులతో రాలేదమ్మా. లడ్డూ ఉండనివ్వండి. ఆ చక్రం మాత్రం ఆపించండి, గొర్రెలకు కళ్లు తిరుగుతాయి."

చక్రం ఆపడానికి మహేందర్, జ్యోతిక ఇద్దరూ ఒకేసారి వంగారు.

"ఇదంతా ఎప్పుడు విప్పాలె?" అన్నాడతను మెల్లగా.

"కొత్త సంవత్సరం దాకా ఉంటుంది. రోజూ వచ్చి బల్బులు చూసుకోండి. ఆ తర్వాత ఏ వంకతో వస్తారో మరి."

"వంక లేకుండనే చెప్తా. మీరంటే నాకు ఇష్టం."

జ్యోతిక చక్రం వైరు పీకింది. ఆ వైరు వదలకుండా, అతని వైపు చూడకుండా అంది: "అయితే మైకు తెచ్చుకోండి. నాన్నగారికి వినపడేలా అడగాలిగా."

"మైకు అక్కర్లేదమ్మా" అన్నారు మాస్టారు కుర్చీలోంచి. "వినపడింది. ముత్తమ్మగారూ, రేపు అబ్బాయిని తీసుకుని భోజనానికి రండి. ఉత్త చేతులతోనే రండి."