బండ్ల వైపు బోల్టులు

పదకొండు నలభైకి మిర్చి గోడౌన్లో సరుకు పేర్చే ఇనప ప్లాట్‌ఫారం కూలింది. పదకొండు నలభై ఒకటికి గుంటూరులో సగం ఊరు తుమ్మింది.

నమ్మితే నమ్మండి. మూడు వందల టిక్కీలు, నిండు మిర్చి బస్తాలు, ఒక్కసారి పగిలితే ఆ ఘాటు రైలుకట్ట దాటిందట. స్టేషన్లో నిలబడ్డ ఇంజనుకి కూడా దగ్గొచ్చిందని చెప్పేవాళ్లున్నారు.

తుమ్మనివాడు ఒక్కడే. హమాలీ బుల్లయ్య. అతడు ఆ టిక్కీల కింద ఉన్నాడు.

1986, మార్చి పన్నెండు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సుభానీ ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని గోడౌన్లో అడుగుపెట్టేసరికి రెండు ఇరవై. అప్పటికే ఎస్సై కేసు తేల్చేశాడు. వెల్డర్ క్రీస్తుదాసు చేతులకు బేడీలు పడ్డాయి.

"బ్రేసింగు నిన్న సాయంత్రం వీడే విప్పాడు సార్. ఒప్పుకున్నాడు కూడా. ఐదింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెడితే నేరుగా జైలే."

"జైలెందుకు? నాకొదలండి!" బుల్లయ్య భార్య బసవమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "మొగుణ్ణి మింగినోడు వీడే!"

వెనక హమాలీలు కొంకెలు పట్టుకుని నిలబడ్డారు. టిక్కీలు లాగే కొంకెలు. ఇప్పుడు వాటి చూపు క్రీస్తుదాసు మీద.

సుభానీ పాలిటెక్నిక్ చదివి, ఉద్యోగం దొరక్క ఖాకీ తొడిగిన మనిషి. కూలిన ఇనుము వైపు చూశాడు. నాలుగు స్తంభాలు. వాటి మీద దూలాలు. స్తంభాల అడుగు నుంచి ఏటవాలుగా లేచి, దూలం నడుముకి తగిలే రెండేసి కమ్ములు. ప్లాట్‌ఫారం పక్కకి ఊగకుండా ఉండటానికి. అదే బ్రేసింగు. బండ్లు వచ్చే వైపు మాత్రం ఆ కమ్ములు లేవు.

"ఎందుకు విప్పావురా?"

"సీజన్ కద్సార్. బండి వెనక్కి పెట్టాలంటే కమ్ములు అడ్డం. మిర్చి వస్తే విప్పుతాం, వానలకి బిగిస్తాం. పాత ప్లాట్‌ఫారానికి ఆరేళ్లు నేనే విప్పా."

"అది పడిందా?"

"పడుంటే ఇవాళ మీకు దొరికేవాణ్ణా సార్?"



కొత్త ప్లాట్‌ఫారం డిజైన్ చేసిన ఇంజనీరు రామచంద్రమూర్తి మూడింటికి వచ్చాడు. సఫారీ సూటు. చంకలో మూరెడు మందాన కంప్యూటర్ కాగితాలు, వాటితో చుట్టిన డ్రాయింగు.

"మద్రాసులో వేయించిన లెక్కలివి. మీ స్టేషన్ డైరీ కాదు. ప్రతి మెంబరూ, ప్రతి ఇనప ముక్కా సేఫ్. బ్రేసింగు తీశారు, ఊగింది, పడింది. అంతే."

"సీజన్లో విప్పుతారని మీకు తెలియదా?"

"నాకెలా తెలుస్తుంది? బండివాళ్ల అలవాట్లు నేర్చుకోడానికా నేను ఇంజనీరింగ్ చదివింది?"

 సుభానీ తాపీమేస్త్రీని పిలిచి నిలువు చూసే తూకం గుండు తెప్పించాడు. నాలుగు స్తంభాల పక్కనా వేలాడదీశాడు. కాగితాలు తీసుకుని బండి మీద కూర్చున్నాడు. గంటసేపు చదివాడు, తుమ్మాడు, చదివాడు.

నాలుగు పది. అందరినీ స్తంభాల దగ్గరికి పిలిచాడు. గోడౌన్ యజమాని జానకిరామయ్య అందరికంటే వెనక నిలబడ్డాడు.

"ఊగి పడితే స్తంభాలు ఒరగాలి. ఇవి గుండుకి సరిగ్గా నిలబడ్డాయి. గాలి కూడా లేదు. బండ్ల వైపు దూలం నడుం విరిగి నిలువునా దిగింది. అంటే ఊపు కాదు, బరువు ఆగలేదు."

"బరువు లెక్కలు కంప్యూటర్ చూసింది," అన్నాడు రామచంద్రమూర్తి.

"మీరిచ్చిన బొమ్మే అది చూసింది. ఊపుకి కమ్ములు, బరువుకి దూలం. బరువు లెక్కేసేటప్పుడు కమ్ములు లేవనుకుని దూలం వెయ్యాలి. మీరు వాటిని దూలం కింద ఊతకర్రలుగా చూపించారు. ఊత ఉందన్నారు కదా అని అది బక్క దూలం చాలంది."

"ఉన్న కమ్ముల్ని లేవనుకోవాలా? అవి ఉన్నంతకాలం నిలిచేదే! తీసినవాడిది తప్పు. వాణ్ణడుగు!"

"నేనూ అక్కడే ఆగిపోయాను." సుభానీ డ్రాయింగు పరిచాడు. "ఇది మీ సంతకమేగా? మూడు వైపులా కమ్ములకి వెల్డింగు. నాలుగో వైపు, బండ్లొచ్చే వైపు, బోల్టులు. ఎందుకండీ?"

రామచంద్రమూర్తి నోరు తెరిచాడు. దగ్గొచ్చింది.

"జానకిరామయ్య గారూ, మీరు చెబుతారా?"

యజమాని నేల చూశాడు. "నేనే అడిగాను. సీజన్లో విప్పుకునేలా పెట్టమన్నాను. దానికేం భాగ్యం అన్నారు."

"విప్పుతారని తెలిసే బోల్టు పెట్టారు. విప్పే కమ్మి మీదే బరువూ పెట్టారు. క్రీస్తుదాసు మీరు విప్పమన్నదే విప్పాడు."

నాలుగు ఇరవై ఐదు. బేడీలు చేతులు మారాయి. క్రీస్తుదాసు మణికట్లు రుద్దుకుంటూ గోడకి జారగిలబడ్డాడు. హమాలీలు దారి వదల్లేదు. జీపుకీ ఇంజనీరుకీ మధ్య బసవమ్మ అడ్డం నిలబడింది.

"లెక్కలో మా ఆయన బరువు ఎంతేశావు బాబూ?"

"మనుషుల్ని విడిగా వెయ్యరమ్మా," అన్నాడు రామచంద్రమూర్తి, అలవాటైన గొంతుతో. "సరుకుతో కలిపేస్తాం."

బసవమ్మ చెయ్యి లేచింది. సుభానీ తువ్వాలు విప్పి ముక్కు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. దెబ్బ చప్పుడు వినబడ్డాక గానీ తలెత్తలేదు.