పందుల షెడ్డుకొచ్చిన గౌరి

గౌరి మొదటిసారి మారుతి ముందు నిలబడ్డప్పుడు ఆమె ముక్కుకు చున్నీ అడ్డం ఉంది, అతని చేతిలో పెంట ఎత్తే పార ఉంది. ప్రేమ పుట్టడానికి ఇది మంచి ముహూర్తం కాదు. కానీ ప్రేమకు వేళాపాళా తెలిసి ఉంటే లోకంలో ఇన్ని తిప్పలెందుకు?

"ఏమప్పా, ఈ షెడ్డు నీదేనా?"

"నాదే. పంది పిల్లలు కావాల్నా?"

"గాలి కావాల. మా ఇంట్లోకి మంచి గాలి వచ్చి ఎన్నాళ్ళయిందో!"

మారుతికి అప్పుడర్థమైంది, వచ్చింది పక్క చేను శేషన్న కూతురని. హాస్టళ్ళలో ఉండి పశువుల కోర్సు చదివి, ఈ మధ్యే ఊళ్ళో పశుసంవర్ధక సహాయకురాలిగా చేరింది. ఊరంతా ఆమెను "పశువుల మేడం" అంటోంది.

మారుతిది ఆదోని. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము మింగీ మింగీ విసిగిపోయి, నందవరం దగ్గరున్న ఈ పల్లెలో కాస్త భూమి కౌలుకు తీసుకుని పందుల షెడ్డు వేశాడు. తల్లి బసమ్మ తప్ప అతనికి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ షెడ్డే వాళ్ళ బతుకు.

"మా నాయిన గ్రామసభలో అర్జీ పెడతాండాడు," అంది గౌరి. "ఉరుకుంద ఈరన్న ఉత్సవాలు కాగానే సభ. ఆ లోపల ఈ వాసన తగ్గకపోతే నువ్వు షెడ్డు ఎత్తెయ్యాల్సిందే."

మారుతి బింకంగా, "పందులు అత్తరు పూసుకుంటాయా మేడం?" అన్నాడు.

"పూసుకోవులే. సోయా చెక్క ఎంత పెడతాండావు?"

"కడుపు నిండా. బాగా పెరగల్ల గదా!"

"ఆడనే తప్పు చేసినావు." గౌరి చున్నీ సంగతి మరిచిపోయి రెండు చేతులూ తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. "వాటికి కావాల్సింది సోయాలో ఉండే అమైనో ఆమ్లాలు. అందులో ఒకటి రెండు చాలకుండా వస్తాయని నువ్వు చెక్కంతా కుమ్మరిస్తాండావు. ఒంటికి పట్టనిదంతా నత్రజనిగా ఉచ్చలో, పెంటలో పోతాది. కండ్లు మండే ఈ ఘాటు దానిదే. చెక్క తగ్గించి, తక్కువైన అమైనో పొడి మాత్రం కలిపితే చాలు. ఇంకో ఎంజైము కూడా వేసినామంటే, తవుడులో ఉన్న భాస్వరం పెంటలో పోకుండా పందికే ఒంటబడుతుంది."

చున్నీ జారిందని ఆమె గమనించలేదు. మారుతి గమనించాడు. ఆ తర్వాత ఆమె చెప్పిన దాంట్లో సగమే అతని చెవికెక్కింది.

"మళ్ళీ చెప్పండి మేడం," అన్నాడు అమాయకంగా.

మర్నాటి నుంచే పరీక్ష మొదలైంది. షెడ్డులో కుడి అరకు పాత మేత, ఎడమ అరకు గౌరి చెప్పిన కొత్త మేత. గౌరి రోజూ పొద్దున్నే ఆఫీసుకు పోయే ముందు వచ్చి రెండు అరల పెంటా ల్యాబ్‌కు పంపడానికి విడివిడిగా కవర్లలో కట్టుకునేది.

"ఎవరైనా ఆడపిల్ల చేతిలో పూలు పెడతారు," అన్నాడు మారుతి ఒకరోజు, కవరు మూతి కట్టి ఇస్తూ. "నా రాత చూడు."

"పూలు ఇచ్చేటోళ్ళు చానామంది ఉంటారులే. ఇంత తాజాగా ఇచ్చేటోడు నువ్వొక్కడివే."

ఉన్నట్టుండి వాన అందుకుంది. ఇద్దరూ రేకుల కింద ఇరుక్కుపోయారు. రేకుల మీద చప్పుడుకు మాట వినబడక ఒకరికొకరు దగ్గరగా జరగాల్సి వచ్చింది. మాట్లాడేందుకు పెద్దగా ఏమీ లేకపోయినా జరిగారు. బసమ్మ దూరం నుంచి చూసి, చూడనట్టు చేటలో గింజలు చెరుగుతూ కూర్చుంది.

కొన్నాళ్ళకు గౌరికి ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. గౌరి నేరుగా షెడ్డుకే వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది.

"రెండు అరల్లోనూ నత్రజని ఒక్క తీరుగానే ఉందంట. ఎడమ అరకు చెక్క కలిపినావు కదా?"

"నేనా? నేనెందుకు కలుపుతా?"

"నా మాట మీద నమ్మకం లేక! పందులు చిక్కిపోతాయని భయపడి! ఆ మాట నా మొహం మీద చెప్పింటే సరిపోయేది. మా నాయిన ముందర నేను గొప్పలు చెప్పుకున్నా మారుతీ. షెడ్డు తీయొద్దు, వాసన తగ్గిస్తానని."

"నీ పుస్తకంలో లెక్క తప్పిందేమో! నా మీద పడితే ఎట్ల?"

అనకూడని మాట అనేశాడు. గౌరి గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సభ దగ్గరపడుతోంది. షెడ్డు పోతే మళ్ళీ మిల్లు దుమ్మే. కానీ మారుతికి షెడ్డు కంటే ఆమె ముఖం ఎక్కువ గుర్తొస్తోంది.

ఆ సాయంత్రం సోయా మూట ఎత్తబోయి ఆగిపోయాడు. మూట ఉండాల్సిన బరువు లేదు. అప్పుడే ఎడమ అర వైపు పందులు గుర్రుమంటూ ఎగబడ్డ చప్పుడైంది. వెళ్ళి చూస్తే బసమ్మ ఒళ్ళో నుంచి గుప్పెడు గుప్పెడు సోయా చెక్క తీసి తొట్టిలో చల్లుతోంది.

"అమ్మా! ఏం పని ఇది?"

బసమ్మ జంకలేదు. "మరేం చెయ్యల్ల రా? ఒకే కప్పు కింద కట్టేసి, వాటికి చెక్క, వీటికి తవుడా? ఆ పక్క కమ్మగా తింటాంటే ఇవి కమ్మీల సందులోంచి మొహాలు పెట్టి సూస్తాండాయి. పంక్తిలో వలపక్షం సూపితే పాపం రా. మా అమ్మ నాకు అట్ల నేర్పలేదు."

మారుతికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తల్లిని కూర్చోబెట్టి విషయమంతా విడమరిచి చెప్పాడు. విన్నకొద్దీ ఆమె ముఖం వాడిపోయింది.

"అంటే నా గుప్పెడు చెక్కకు ఆ పిల్ల మాట పడిందా?"

ఇంకో మాటకు ఆగకుండా కొంగు భుజాన వేసుకుని శేషన్న ఇంటికి నడిచింది. మారుతి వెనకాలే పరిగెత్తాడు.

శేషన్న అరుగు మీద ఉన్నాడు. గౌరి గుమ్మంలో నిలబడింది.

"శేషన్నా, తప్పు నాది," అంది బసమ్మ. "నీ కూతురు లెక్క తప్పలేదు, నా కొడుకు మాట తప్పలేదు. పందులకు వలపక్షం సూపలేక నేనే దొంగతనంగా చెక్క వేసినా. సభ దాకా ఆగు. అప్పటికీ నీ ముక్కుకు పడకపోతే షెడ్డు నేనే పీకేస్తా."

శేషన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పక్కకు చూశాడు. గౌరి మాత్రం పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటోంది. మారుతి ఆమెకు మాత్రమే వినపడేట్టు, "పుస్తకం మాట అనింది తప్పే. తిట్టుకో. కానీ రేపు రా," అన్నాడు.

ఆమె వచ్చింది. ఈసారి రెండు అరలకూ కొత్త మేతే. మేత మారితే పెంట మారడానికి ఎంతో కాలం పట్టదు. ఉత్సవాలు ముగిసి ఉరుకుందకు పోయే బస్సుల రద్దీ తగ్గేసరికి షెడ్డులో ఘాటు తగ్గింది. పందులు చిక్కలేదు సరికదా నిగనిగలాడాయి. ల్యాబ్ కూడా నత్రజని బాగా తగ్గిందనే చెప్పింది.

సభ ముందురోజు శేషన్న షెడ్డు దగ్గరికి వచ్చాడు. గాలి వాలుకు నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"వాసన లేదని చెప్పనప్పా. పందులు పందులే. కానీ కండ్లు మండటం లేదు. అర్జీ పెట్టనులే."

మారుతి తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. అంతలోనే ఒక దిగులు పట్టుకుంది. గౌరి వైపు చూసి, "పరీక్ష అయిపాయె. ఇంక నువ్వు రావు కదా," అన్నాడు. పక్కన ఆమె తండ్రి ఉన్నాడన్న స్పృహే లేదు.

"పరీక్ష కోసరమే వస్తాండా అనుకున్నావా?" అంది గౌరి. "నువ్వంటే ఇష్టమయ్యే వచ్చినా. నాయినా, నువ్వున్నావనే చెప్తాండా."

బసమ్మ భయం భయంగా ముందుకు వచ్చింది.

"శేషన్నా, మాకు ఆస్తిపాస్తులు లేవు. పందులోళ్ళని ఊళ్ళో నలుగురూ అంటారు. అయినా అడుగుతాండా, పిల్లను మా ఇంటికి ఇస్తావా?"

శేషన్న తొట్టికి ఎగబడుతున్న పందులను, తర్వాత ఆమెను చూశాడు.

"ఊరోళ్ళు ఏమన్నా అనుకోనీలే బసక్కా. పందులకే వలపక్షం సూపలేని దానివి, నా బిడ్డకు సూపుతావా? ఇస్తా."

బసమ్మ కళ్ళు తుడుచుకుని, ఎమ్మిగనూరుకు మొదటి బస్సు ఎన్నింటికని అడిగింది. కోడలికి మగ్గం చీర తేవాలట.

"నేనూ వస్తా అత్తా," అంది గౌరి. "రంగు నేనే చూసుకోవాల."