నూట పన్నెండో పేజీ

“వచ్చిన పైలట్ అసలైతే ‘గుండు’ అను. నకిలీ అయితే ‘బద్ద’. ఫోన్ పెట్టేయ్.”

చీఫ్ బ్రీఫింగ్ అంతే. రెండువేల సంవత్సరం మార్చిలో ఏజెంట్ లోకనాథం జీడిపప్పు వ్యాపారి వేషంలో పలాసలో దిగాడు.

కేసు చిన్నది కాదు. డెబ్బై ఒకటి యుద్ధంలో పైలట్ సూర్యం బాంబర్ అక్కుపల్లి ఎదుట సముద్రంలో కూలింది. అతని దగ్గరున్న ఫిలిం రోల్లో శత్రువుతో చేతులు కలిపిన మన అధికారి ఫోటో ఉంది. ఆ అధికారి ఇప్పుడు పెద్ద కుర్చీలో ఉన్నాడు. ఫిలిం మునిగిపోయిందని సూర్యం అప్పట్లో రిపోర్టు రాశాడు. మొన్న అచ్చయిన ఆత్మకథలో మాత్రం, తనను కాపాడిన జాలరి మనిషి పెద్దతల్లికి దాచమని ఇచ్చానని ఒప్పేసుకున్నాడు. ఆ పుస్తకం విదేశీ ముఠా కూడా చదివింది.

లోకనాథానికి ఎవరినీ నమ్మని జబ్బుంది. టీ కొట్టువాడు చక్కెర ఎక్కువేసినా ఆరా తీస్తాడు. సూర్యాన్ని వెంటబెట్టుకొచ్చిన తోటి ఏజెంట్ సంజన, నల్లకళ్ళద్దాల అందగత్తె, లాడ్జిలో మొహం కడుక్కోవడానికి వెళ్తే ఆమె హ్యాండ్‌బ్యాగు కూడా తెరిచి చూశాడు.

పది గంటలకు ముగ్గురూ పెద్దతల్లి ఇంటికి చేరారు. వాకిట్లో విప్పిన తెప్ప దుంగలు ఎండుతున్నాయి. దారంతా లోకనాథం పైలట్‌ను ప్రశ్నలతో తినేశాడు. విమానం నంబరు, భుజం మీద మచ్చ, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే సరిపోయాయి.

కళ్ళకు పొరలు కమ్మిన పెద్దతల్లి మైనం పూసిన రేకు డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆ దినం తెప్ప మీద ఏటి సేసినావు బాబూ?”

“పడవలోకి నీళ్ళొస్తుంటే రాత్రంతా కొబ్బరిచిప్పతో తోడాను. నీకు ధైర్యం చెప్పాను.”

ఆత్మకథలో నూట పన్నెండో పేజీ. పొల్లుపోలేదు. లోకనాథం రివాల్వర్ మీంచి చెయ్యి తీశాడు. ముసలమ్మ మాత్రం డబ్బా ఇవ్వలేదు. ఈవిడే ముఠా మనిషేమోనని అతనికి అనుమానం వచ్చింది.

“తెప్పంటే నాలుగు దుంగలే బాబూ. మీదకొచ్చిన నీళ్ళు సందుల్లోంచి దిగిపోతాయి. ఇంక తోడీదేటి? ఆ బాబు వాంతులు సేసుకుని, అమ్మా అని ఏడిసినాడు. జారిపోతాడని వలతాడుతో నానే కట్టేసినాను.”

హ్యాండ్‌బ్యాగు తెరుచుకుంది. సంజన పిస్టల్ పెద్దతల్లి నుదుటికి ఆనింది.

“డబ్బా ఇటివ్వు.”

ముసలమ్మ డబ్బాను రెండు చేతులతో పొదివి పట్టుకుంది. సంజన ట్రిగ్గర్ నొక్కింది. టిక్కుమంది, అంతే.

“తూటాలు నా జీడిపప్పు శాంపిల్ సంచిలో ఉన్నాయి,” అన్నాడు లోకనాథం, రివాల్వర్ ఎత్తి.

దొంగలిద్దరూ పట్టుబడి నోరు విప్పాక, అసలు సూర్యం టెక్కలి లాడ్జిలో కట్టేసి ఉండగా దొరికాడు. సాయంత్రం పెద్దతల్లి ముందు తలదించుకుని నిలబడ్డాడు. తన ఏడుపు బయటపడుతుందని భయపడి, ఎవరూ ఆమెను వెతక్కుండా రిపోర్టులో అబద్ధం రాశానని ఒప్పుకున్నాడు.

“కట్టేసినప్పుడు నానేటన్నాను?”

“‘నానుండగా నువ్వు మునగవు’ అన్నావమ్మా.”

ఆమె డబ్బా అతని చేతిలో పెట్టింది. సూర్యం మళ్ళీ ఏడ్చాడు. ఈసారి దాచుకోలేదు.

లోకనాథం ఎస్‌టీడీ బూత్‌కు వెళ్ళాడు. “పొద్దున వచ్చింది బద్ద. ఇప్పుడొచ్చింది గుండు. సార్, రెండో ముద్రణలో ఆ పేజీ దిద్దుతానంటున్నాడు.”

“ఒక్క అక్షరం ముట్టుకోవద్దను,” అన్నాడు చీఫ్. “పుస్తకం మొత్తంలో మన డిపార్ట్‌మెంట్‌కు పనికొచ్చింది ఆ అబద్ధమొక్కటే.”