జెనోవాలో ఓడ దిగాక

"ఈ ప్లాన్‌లో మీ నాన్నగారికి ఊపిరి తీసుకోవడానికి టైమెక్కడుందండీ?"

వెనకనుంచి వినిపించిన ఆ మాటకి ప్రేమజ్యోతి గిరుక్కున తిరిగింది. నోటినిండా పలావు ఉండబట్టి ఆ కుర్రాడు బతికిపోయాడు గానీ, లేకపోతే అక్కడికక్కడే కడిగేసేది.

న్యూయార్క్ దగ్గర పిస్కాటవేలో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ అది. పొద్దున పైన వాళ్ళ ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం కింద తెలుగువాళ్ళ కూడిక. పాటలు, ప్రసంగం, ఆ తర్వాత పలావు. 1983 జూన్ నెల. బయట వాన ఆగేలా లేదు కాబట్టి ఎవరూ ఇంటికి కదిలేలా లేరు.

ఆ సెప్టెంబర్‌కి ప్రేమజ్యోతి అమ్మానాన్నల పెళ్ళయి ముప్పై ఏళ్ళు. ఒక్కగానొక్క కూతురు, ఆస్పత్రిలో ఫార్మసిస్టు, పైగా పట్టుదల మనిషి. వాళ్ళని న్యూయార్క్‌లో ఓడ ఎక్కించడానికి టికెట్లు ఎప్పుడో కొనేసింది. ఆ ఓడ అట్లాంటిక్ దాటి, ఊరూరా ఆగి, ఇటలీలో జెనోవా రేవులో దించేస్తుంది. దిగాక ఏమిటన్నదే తేలలేదు. అందుకే ఒక బస్ టూర్ బ్రోషర్ తెచ్చి దేవకుమారి ఆంటీకి చూపిస్తోంది. పన్నెండు రోజుల్లో పదకొండు దేశాలు.

పలావు మింగి అడిగింది. "మీరెవరండీ?"

"ఆమోసు. సివిల్ ఇంజినీరింగ్ మాస్టర్స్, ఈ ఆగస్టుకి అయిపోతుంది. మా నాన్న నిడదవోలులో స్టేషన్ మాస్టర్. రైళ్ళ గురించి అడిగితే తప్ప నేను నోరు తెరవనండి."

"నేనడగలేదుగా?"

"మీ బస్సు చూశాక నోరు ఆగలేదు. ఇదిగో, లంచ్‌కి లక్సెంబర్గ్ అట! పాపం, ఒక దేశం మొత్తాన్ని లంచ్‌కి వాడేశారు."

దేవకుమారి ఆంటీ పకపకా నవ్వింది. ప్రేమజ్యోతి నవ్వలేదు. నవ్వు రాక కాదు, వచ్చిందని తెలిస్తే పరువు పోతుందని.

ఇంతలో ఆమె నాన్న దైవాశీర్వాదంగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. "ఏం బాబూ, నీకు యూరప్ రైళ్ళు తెలుసా?"

"ఎప్పుడూ ఎక్కలేదండి. లైబ్రరీలో టైమ్ టేబుల్ ఉంటే చదివాను."

"ఎంతవరకు చదివావు?"

"మొత్తం చదివానండి."

దైవాశీర్వాదంగారి మొహం వెలిగిపోయింది. "మంగళవారం సాయంత్రం మా ఇంటికి రా బాబూ, టీ తాగుదువుగాని."

అలా బస్సు పోయి రైలొచ్చింది.

మంగళవారం సాయంత్రాలు కిచెన్ టేబుల్ మీద యూరప్ మ్యాప్ పరిచేవారు. నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు బరువు. ఆమోసు పెన్సిల్‌తో గీతలు గీసేవాడు. జెనోవా నుంచి మిలాను, అక్కడినుంచి కొండల్లోంచి లూసెర్న్, తర్వాత బాసెల్, ఫ్రాంక్‌ఫర్ట్. ప్రేమజ్యోతి తల్లి కరుణమ్మకి ఈ ఊళ్ళేవీ పట్టలేదు.

"నాకు మంచుకొండ ఎదురుగా కుర్చీ వేస్తే చాలు బాబూ. మూడు రోజులు లేవను. ఇరవై ఏళ్ళు నర్సుగా నిలబడే ఉన్నాను. అన్నట్టు, రైస్ కుక్కర్ పట్టుకెళ్ళచ్చా?"

"అక్కడ కరెంటు రెండువందల ఇరవై వోల్టులండి ఆంటీ. మన కుక్కర్ పెడితే మాడిపోతుంది."

"మనుషులకి వీసాలు, కుక్కర్లకి వోల్టులూనా! ఇంకెందుకు వెళ్ళడం?"

ఆమోసు నవ్వాడు. నవ్వుతూ ప్రేమజ్యోతి వైపు చూశాడు. ఆమె అప్పటికే చూస్తోంది. ఇద్దరూ ఒకేసారి మ్యాప్‌లోకి తల దించేసి, ఎవరికీ అక్కర్లేని బెల్జియంని శ్రద్ధగా పరిశీలించారు.

ఆ తర్వాత మంగళవారాలు ఆమె ఆస్పత్రి కోటు కార్‌లోనే విప్పేసి, అద్దంలో ఒకసారి చూసుకుని మరీ ఇంట్లోకి అడుగుపెట్టడం మొదలైంది. ఎందుకలా అంటే తనకే తెలీదు. తెలీదంటే మనం నమ్మాలి మరి.

జూలైలో ఒకరోజు దైవాశీర్వాదంగారు మెల్లిగా అడిగారు. "బాబూ, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి విట్టెన్‌బర్గ్‌కి రైలుందా?"

ఆయన గుంటూరు లూథరన్ మిషన్ బళ్ళో చదువుకున్న మనిషి. విట్టెన్‌బర్గ్ ఆ మిషన్‌కి మూలపురుషుడు, బైబిల్ ఎవరికి వాళ్ళే చదువుకోవాలన్న లూథర్ ఊరు. లూథర్ పుట్టి ఆ ఏడాదికి సరిగ్గా ఐదువందల ఏళ్ళు. కానీ ఆ ఊరున్నది తూర్పు జర్మనీలో.

"నో," అంది ప్రేమజ్యోతి, ఆమోసు పెన్సిల్ ఎత్తకముందే. "ముళ్ళకంచెలు, తుపాకులు, చెకింగులు. నాన్నా, నీకు బైపాస్ అయి ఇంకా ఏడాది కాలేదు. అక్కడ ఏమన్నా అయితే నాకు ఫోన్ కూడా రాదు. స్విట్జర్లాండ్‌లో హాయిగా కూర్చోండి."

దైవాశీర్వాదంగారు కప్పు పక్కకి జరిపారు. టీ చల్లారిపోయిందని చెప్పి లేచి వెళ్ళిపోయారు.

ఆ నెలాఖరులో ఆమోసుకి ఉద్యోగం వచ్చింది. ఎక్కడో దూరంగా అర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో, రోడ్లు వేసే కంపెనీలో. సెప్టెంబర్‌లో చేరాలి. ఆ మాట వినగానే ప్రేమజ్యోతి "కంగ్రాట్యులేషన్స్!" అని గట్టిగా అంది. అంత గట్టిగా ఎందుకన్నానా అని ఆ రాత్రంతా తనని తాను తిట్టుకుంది. ఈ మనిషి వెళ్ళిపోతాడు. వెళ్ళేలోపు ఏమన్నా చెప్తాడా? చెప్పకపోతే? ఇదే ధ్యాస.

ఆగస్టులో ఒక మంగళవారం, టీ అయ్యాక, ఆమోసు పోర్చ్‌లో ఆగిపోయాడు. వాన దంచేస్తోంది.

"ప్రేమజ్యోతిగారూ, మీకొక మాట చెప్పాలి. మూడు వారాలుగా చెప్పలేక చచ్చిపోతున్నాను."

ప్రేమజ్యోతి జుట్టు సవరించుకుంది. చున్నీ సర్దుకుంది. వెంటనే 'యెస్' అనేస్తే బాగుండదు, కాస్త ఆగి అనాలి అని కూడా అనుకుంది.

"చెప్పండి."

"మీ నాన్నగారూ నేనూ కలిసి విట్టెన్‌బర్గ్‌లో హోటల్ బుక్ చేసేశాం."

ఆమె మొహంలో సిగ్గు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఏంటి?"

"హోటల్‌కి ముందే డబ్బు కడితేనే వాళ్ళు వీసా ఇస్తారండీ. ఆయన అడిగారు, కాదనలేకపోయాను. మీకు చెప్పద్దన్నారు. కానీ మీకు తెలీకుండా వాళ్ళని పంపించడం నావల్ల కాదు."

"వారం వారం మా ఇంట్లో టీ తాగుతూ, నా ఎదురుగా కూర్చుని స్విట్జర్లాండ్ స్విట్జర్లాండ్ అంటూ..."

"తప్పేనండి."

"కాన్సిల్ చేయండి."

"మీ నాన్నగారు చేయమంటే చేస్తాను. మీరంటే చేయను." గొంతు పెంచకుండానే అన్నాడు. "ప్రయాణం ఆయనది కదండీ."

"అయితే ఇంక మా ఇంటికి రాకండి."

అతను గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు. ప్రేమజ్యోతి తలుపు ధడాలున వేసింది. వేశాక దానికే ఆనుకుని ఏడ్చింది. కోపం ఎంతో, దుఃఖం ఎంతో ఆమెకే తెలియలేదు.

లివింగ్ రూమ్‌లో దైవాశీర్వాదంగారు దొరికిపోయిన స్కూలు పిల్లాడిలా కూర్చున్నారు.

"ఆ కుర్రాణ్ణేమీ అనకమ్మా. వద్దు, అమ్మాయికి చెప్పేద్దాం అంటూనే ఉన్నాడు."

"ఎందుకు నాన్నా ఇదంతా? అక్కడేముందని?"

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మా అమ్మ కూలికెళ్ళేది తెలుసుగా. పొద్దుపోయాక మిషన్ వాళ్ళ బడికెళ్ళి అక్షరాలు దిద్దుకుంది. మా ఇంట్లో వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టిన మొదటి మనిషి ఆవిడే. 'ఈ చదువులూ బళ్ళూ అసలు ఎక్కడ మొదలయ్యాయి నాయనా?' అని అడుగుతుండేది. అక్కడికెళ్ళి నిలబడి 'ఇక్కడమ్మా' అని ఒక్కసారి అనాలనుంది."

ప్రేమజ్యోతి చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"నీ ప్రేమ నాకు తెలుసమ్మా. కానీ ఆపరేషనైన దగ్గర్నుంచి నన్ను పార్సిల్‌లా చూస్తున్నావు. బాగా కట్టి, అడ్రస్ రాసి, పగలకుండా చేర్చాలని. ఎక్కడికి పోవాలో పార్సిల్‌ని ఎవరడుగుతారు?"

ఆమె వెళ్ళి నాన్న ఒళ్ళో తలపెట్టుకుంది. "సారీ నాన్నా. నేనడగలేదు."

ఆ శనివారం యూనివర్సిటీ లైబ్రరీలో ఆమోసు ఎదుటి కుర్చీ కిర్రుమంది. తలెత్తి చూస్తే ప్రేమజ్యోతి. సగం తడిసి ఉంది.

"సరిహద్దులో రైలు ఎంతసేపు ఆపుతారు?"

అతను తేరుకోవడానికి కాస్త టైమ్ పట్టింది. "గంట పట్టచ్చు. దిగక్కర్లేదు, వాళ్ళే పెట్టెలోకి వచ్చి చూస్తారు."

"రాత్రి రైలు కాదు కదా?"

"పగటిదే. లైప్‌జిగ్‌లో మారాలి. అక్కడ ఒక రోజు రెస్ట్ పెట్టాను. తిరిగి రావడం బెర్లిన్ నుంచి విమానంలో."

"ఇంకో రోజు పెట్టండి. డాక్టర్‌తో నేను మాట్లాడతాను. మందులు రెండు బ్యాగుల్లో విడివిడిగా సర్దుతాను, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది." కాస్త ఆగింది. "నాన్నని నేనడగలేదు. మీరు ఆయన మాట విన్నారు. థాంక్స్."

ఆమోసు చెవులు ఎర్రబడ్డాయి.

"కానీ ఇంకెప్పుడూ నా దగ్గర ఏదీ దాచకండి," అంది ప్రేమజ్యోతి, అతని కళ్ళలోకి చూస్తూ. "ఇంకా ఏమన్నా దాస్తున్నారా?"

నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"బాసెల్‌లో... రెండు స్టేషన్లున్నాయండి. జాగ్రత్తగా దిగాలి."

ఆమె నిట్టూర్చి గొడుగు తీసుకుంది. రైలు పట్టాల మీద తప్ప నేల మీద నడవలేని మనిషితో ఏం చేస్తాం! తను చెప్పచ్చుగా అంటారా? తనకీ అదే భయం. కాదంటే తట్టుకోలేనని ఆమెకి బాగా తెలుసు.

ఓడ బయల్దేరేది ఆదివారం. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ప్రయాణ ప్రార్థన కూడిక పెట్టారు. సోమవారం ఆమోసు కూడా తన పాత కార్లో బెంటన్‌విల్ వెళ్ళిపోతున్నాడు. వీడ్కోళ్ళు రెండూ ఒకే పలావుతో అయిపోతాయని దేవకుమారి ఆంటీ సంతోషించింది.

కార్పెట్ మీద ముప్పైమంది సర్దుకుని కూర్చున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఇంటిపెద్దగా దైవాశీర్వాదంగారే ప్రార్థన అందుకున్నారు.

"ప్రేమగల తండ్రీ, జెనోవాలో మేము ఓడ దిగునప్పుడు మా సామాను కూడా మాతోనే దిగునట్లు సహాయము చేయుము. మిలానులో సరియైన ప్లాట్‌ఫామ్ మీద మమ్మును నిలువబెట్టుము. నీ దాసురాలు కరుణమ్మకు మంచుకొండ ఎదుట మంచి కుర్చీ దయచేయుము. సరిహద్దులో తుపాకీ పట్టుకొని నిలబడు బిడ్డలకు కూడా తల్లిదండ్రులున్నారు, వారిని కాపాడుము."

"ఆమెన్, ఆమెన్," అని అక్కడక్కడా గొణుగుతున్నారు.

"ప్రభువా, ఈ ప్రయాణమంతా కుదిర్చిన ఆమోసును జ్ఞాపకము చేసుకొనుము."

ప్రేమజ్యోతి చెవులు రిక్కించింది.

"అతడు మా అమ్మాయితో ఒక మాట చెప్పవలెనని వేసవి అంతా మా ఇంట టీ త్రాగెను. నోరు తెరిచిన ప్రతిసారీ ఒక స్టేషను పేరే వచ్చుచున్నది. అతనికి ధైర్యము దయచేయుము. ఎల్లుండి అతడు వెళ్ళిపోవుచున్నాడు గనుక, త్వరగా దయచేయుము."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రేమజ్యోతి కళ్ళు తెరిచింది. గదికి అవతలి మూల, వంచిన తలల మధ్య, ఆమోసు కూడా కళ్ళు తెరిచాడు. అతని మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కానీ ఈసారి అతను చూపు తిప్పుకోలేదు. అడుగుతున్నట్టే చూశాడు.

"మా అమ్మాయికి ఇష్టమైతే మాకు అంతకన్న సంతోషము లేదు. ఇష్టము లేనియెడల కాదనుటకు ఆమెకు పూర్ణ స్వేచ్ఛ ఇయ్యుము. ఆమె నిర్ణయమును మేము మోసుకొని తిరుగక, ఆమెకే విడిచిపెట్టునట్లు మాకు బుద్ధి నేర్పుము..."

ప్రేమజ్యోతి నాన్న వైపు తిరిగింది. తాను నాన్నని అడగలేదు. నాన్న మాత్రం తనని అడుగుతున్నాడు, ముప్పైమంది మధ్య, కాదనడానికి కూడా దారి తెరిచిపెట్టి. ఆ దారి వైపు ఆమె ఒక్క క్షణం కూడా చూడలేదు.

"ఆమెన్!" అంది.

ఇల్లంతా వినబడింది. ముప్పై తలలూ ఒకేసారి పైకి లేచాయి.

కళ్ళు తెరవకుండానే దైవాశీర్వాదంగారు అన్నారు, "నేనింకా ముగించలేదమ్మా. తిరుగు ప్రయాణముంది."

"మీరు కానివ్వండి నాన్నా," అంది ప్రేమజ్యోతి, ఏడుస్తూ నవ్వుతూ. "నాది అయిపోయింది."

అవతలి మూలనుంచి ఇంకో "ఆమెన్" వచ్చింది. వణుకుతూనే వచ్చింది గానీ, స్పష్టంగా వచ్చింది. కరుణమ్మ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుని, భర్త మోచేతిని పొడిచి, "ఇంక బెర్లిన్‌లో విమానం ఎక్కించెయ్యండి, పలావు చల్లారిపోతోంది," అంది.

ప్రార్థన మళ్ళీ మొదలైంది. అందరూ బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు, ఆ ఇద్దరు తప్ప.