వినే మనిషి కూర్చునే చోటు

ఆ ఆదివారం ఉదయం కూతురు కాఫీ కప్పుతో హాల్లోకి వచ్చేసరికి నాన్న నేల మీద పాకుతున్నాడు. ముప్ఫై అయిదేళ్లు బస్సుల డిపోలో ఇంజన్లు విప్పి బిగించి రిటైరైన మనిషి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, తల ఒక పక్కకి వాల్చి, సోఫా వెనకనుంచి టీవీ బల్ల వైపు అంగుళం అంగుళం జరుగుతున్నాడు. కిటికీ పక్కనున్న అమ్మ పేము కుర్చీలో మాత్రం ఓ నల్లటి చెక్క పెట్టె దర్జాగా కూర్చుని 'ధుమ్... ధుమ్...' అంటోంది.

"మోకాలి నొప్పికి డాక్టరు చెప్పిన వ్యాయామం ఇదేనా నాన్నా?"

"ష్... ఒక్క నిమిషం ఆగండి జడ్జిగారూ. ఇక్కడ బాగా పలుకుతోంది."

కూతురికి ఆ పేరు చిన్నప్పుడే పడింది. ఎవరు ఏం చేసినా తీర్పు చెప్పనిదే ఆమెకి నిద్రపట్టదు. ఇప్పుడు ఆఫీసులో పదిమంది మీద అధికారి కూడా అయింది కాబట్టి తీర్పులకి కొదవలేదు.

ఆ పెట్టె సబ్‌వూఫర్, లావు ధ్వనులు మాత్రమే పలికే స్పీకరు. మూడు వారాల కిందట పాత సామాన్ల కొట్లోంచి నాన్న దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. విప్పి చూస్తే లోపలి కోను చుట్టూ ఉండే స్పాంజి అంచు వేలు తగలగానే బిస్కెట్టులా పొడి అయింది. అంతే, పట్టిన పట్టు విడిచే మనిషి కాదు కదా. పాత జిగురంతా బ్లేడుతో గీకాడు. కొత్త రబ్బరు అంచు తెచ్చాడు. కోను సరిగ్గా నడిమధ్యన నిలవాలని తన మోకాలి ఎక్స్‌రేనే సన్నటి పట్టీలుగా కత్తిరించి చుట్టూ దోపాడు. జిగురు ఆరేదాకా పక్కనే కూర్చుని, ఈగని కూడా వాలనివ్వలేదు. ఉబ్బిపోయిన కెపాసిటర్లు రెండు మార్చి, ఊడిన తీగలు అతికించాడు. పెట్టె మొదటిసారి 'ధుమ్' అన్నరోజు ఆయన ఏనుగెక్కినంత సంబరపడ్డాడు.

పాకడం ఆయన సొంత తెలివి కాదు. పెట్టె అమ్మిన కొట్టు ముసలాయన చెప్పాడు. "దీనికో కిటుకుంది మెకానిక్‌గారూ. వినే మనిషి కూర్చునే చోట ముందు పెట్టెని పెట్టండి. మీరు గదంతా పాకుతూ వినండి. ఎక్కడ బాగా వినిపిస్తే అక్కడికి పెట్టెని మార్చేయండి. అప్పుడు కూర్చున్న మనిషికి అంతే బాగా వినిపిస్తుంది."

ఆ ఇంట్లో వినే మనిషి అంటే అమ్మే. ఇరవై ఎనిమిదేళ్లు బడిలో పిల్లలకి పాట నేర్పిన టీచరమ్మ. అన్నానికి పిలవాలన్నా పేరు పెట్టి పిలిచేది కాదు, బల్ల మీద అరచేత్తో తాళం వేసేది. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం ఆమె వినికిడిని పట్టుకుపోయింది. సన్నటి ధ్వనులన్నీ పోయాయి, లావు ధ్వనులు కాస్త మిగిలాయి అన్నాడు డాక్టరు. చెవి మిషను ఇస్తే పళ్లేల చప్పుడు తలలో మేకులు కొట్టినట్టుందని డబ్బాలో పెట్టేసింది. అప్పట్నుంచీ ఆమె పాడలేదు. బల్ల మీద తాళం కూడా వేయలేదు.

డాక్టరు చెప్పినదాంట్లో నాన్న మనసులో నాటుకున్నది ఒక్కటే మాట. లావు ధ్వనులు కాస్త మిగిలాయి. రెండేళ్లుగా ఆయన ఆ తాళం కోసం మొహం వాచిపోయి ఉన్నాడు.

"సాయంత్రం అమ్మని క్లినిక్‌కి తీసుకెళ్తున్నాను. మిషను మళ్లీ సరిచేయిద్దాం. నువ్వు కూడా పెట్టుకోమని ఒక్కమాట చెప్పు," అంది కూతురు.

"చెప్తాలే. ముందు ఇది కానీ." నాన్న పెట్టెని కుర్చీలోంచి దింపి టీవీ బల్ల పక్కన పెట్టాడు. కుర్చీలో స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి, పక్కన శబ్దం కొలిచే యాప్ తెరిచి ఫోను పెట్టాడు. పెట్టె మోగగానే నీళ్లమీద సన్నటి వలయాలు లేచాయి. "చూశావా! సరిగ్గా ఆవిడ గుండె దగ్గరికే వస్తోంది."

ఇంతలో కింద వాటాలో దర్జీ గొంతు లేచింది. "మెకానిక్‌గారూ! నా కత్తెర దానంతటదే బల్ల మీద నడుస్తోందండీ! కొంచెం చూసుకోండి!"

కూతురు కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"చాలు నాన్నా! మూడు వారాల్నుంచి ఇల్లంతా జిగురు కంపు. అమ్మ ఆ కుర్చీలో కూర్చుని రెండేళ్లయింది. నీకు ఆ సంగతి తెలుసా అసలు?"

"తెలుసు కాబట్టే చేస్తున్నా. పాట వినిపిస్తే తనే వచ్చి కూర్చుంటుంది."

"రాదు. చూడు, ఎక్కడుందో."

అమ్మ వంటింటి గుమ్మంలో చిన్న పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఆమె చోటు అదే. బాధ దిగమింగుకోలేక మూలకి చేరిందని తండ్రీ కూతుళ్లిద్దరూ ఎవరికి వారే అనుకున్నారు, ఆమెని మాత్రం ఎప్పుడూ అడగలేదు. గట్టిగా అరిచి అడగాల్సి రావడం వాళ్లకి కష్టంగా ఉండేది. అలా అలా మాటలు "అన్నం", "మాత్ర", "తలుపు వేసుకో" దగ్గర ఆగిపోయాయి.

కూతురు అమ్మకి వీపు పెట్టి నిలబడింది. ఆమె చూడకూడదనే అలా తిరిగింది.

"అమ్మకి ఇంక పాట లేదు నాన్నా. అయిపోయింది. నువ్వు ఒప్పుకోవు. మిషను పెట్టుకుంటే కనీసం మన మాటైనా వినిపిస్తుంది, అది చాలని నేను ఏడుస్తుంటే నువ్వు బొమ్మలాట ఆడుకుంటున్నావు!"

నాన్న మొహం పాలిపోయింది. నేల మీదే చతికిలబడిపోయాడు.

"బొమ్మలాటే అనుకో. ముప్ఫై ఏళ్లు ఆ తాళం విని అన్నానికి లేచాను తల్లీ. ఇప్పుడు ఆకలేస్తే గడియారం చూసుకుంటున్నాను. ఇంట్లో ఆవిడ ఉంది. ఉన్నా ఆవిడ కోసం బెంగగా ఉంది. ఏం చేయమంటావు?"

గుమ్మం దగ్గర గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. అమ్మ లేచి వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతు, కాస్త పెద్దగా, హాలంతా వినిపించింది.

"నేను ఆ కుర్చీలో కూర్చోను."

ఇద్దరూ ఆమె వంక చూశారు.

"అక్కడ కూర్చుంటే నాకు గోడా, టీవీ కనిపిస్తాయి. మీరు వెనకాల ఎక్కడో మాట్లాడుకుంటారు. ఈ పీట మీదనుంచైతే మీ ఇద్దరి నోళ్లూ కనిపిస్తాయి. డిపో ముచ్చట్లు, ఆఫీసు గొడవలు, అన్నీ ఇక్కడినుంచే వింటున్నాను. మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అన్నీ అర్థమవుతాయి."

ఆమె కూతురి వైపు తిరిగింది.

"నువ్వు వీపు పెట్టి ఏమన్నావో నాకు తెలీదు. మంచి మాట కాదని మాత్రం మీ నాన్న మొహం చూసి తెలుసుకున్నాను. చెప్పేదేదో ఇటు తిరిగి చెప్పు."

జడ్జిగారి తీర్పు ఈసారి తన మీదికే తిరిగింది. రెండేళ్లుగా ఇంట్లో వినేవాళ్లు లేరని తను బెంగపడుతుంటే, ఒకరు రోజూ పీట వేసుకుని తన పెదాలకేసి చూస్తూ కూర్చున్నారు. తను మాత్రం నడుస్తూ, ఫోను చూస్తూ, వీపు తిప్పి మాట్లాడింది. ఆమె అమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. కన్నీళ్లతో పెదాలు వణుకుతుంటే ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది.

"అమ్మా... నీ పాట... నాకు కావాలి. నాన్నకి కూడా."

అమ్మ ఆ పెదాలను చివరిదాకా చూసింది. పైట చెంగుతో కూతురి మొహం తుడిచింది.

నాన్న మాత్రం పీటకేసి చూస్తూ ఉండిపోయాడు. వినే మనిషి కూర్చునే చోటు! మూడు వారాలు కష్టపడి, పాకి, కొలిచి, చివరికి తను ఖాళీ కుర్చీకి వినిపించాడు. మోకాళ్ల మీదే వెళ్లి ఆమె ముందు కూర్చుని, మొహం పైకెత్తి అన్నాడు. "టీచరమ్మా, నీ పీట ఒక్క పది నిమిషాలు అరువిస్తావా?"

పెట్టె పీట ఎక్కింది. ఈసారి కూతురు కూడా చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నేల మీదకి దిగింది. ఒకరు సోఫా కింద తల దూర్చారు, ఒకరు చెప్పుల స్టాండు వెనక దూరారు. "ఇక్కడ!" అంటే "కాదు, ఇక్కడ!" అని దెబ్బలాడుకున్నారు. గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్న అమ్మ పకపకా నవ్వింది. చివరికి చెప్పుల స్టాండు మూలే గెలిచింది. పెట్టెని అక్కడ పెట్టి, అమ్మని పీట మీద కూర్చోబెట్టారు.

బడి పిల్లలు పాడగా ఎప్పుడో రికార్డు చేసిన పాట వేశాడు నాన్న, వెనక పెద్ద డ్రమ్ముతో సహా, టీవీ స్పీకర్లలోనూ పెట్టెలోనూ కలిపి. మధ్యలో పెట్టెని ఒకసారి ఆపి మళ్లీ మోగించాడు. అమ్మ గుమ్మం చెక్కకి అరచెయ్యి ఆనించి భృకుటి ముడిచింది.

"ఇది మోగితే డ్రమ్ము తగ్గుతోందేమిటి? ఆపితేనే నయంగా ఉంది. ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది."

నాన్న నుదురు కొట్టుకున్నాడు. పెట్టెలో తీగలు అతికించేటప్పుడు అటువి ఇటు అయ్యాయి! ఆయన చెవీ, ఫోనులోని కొలతా పట్టుకోని తప్పు ఆమె అరచెయ్యి పట్టుకుంది. ఆయన పెట్టె వెనక, ఆ తోపుని తిరగేసే చిన్న మీటని అటునుంచి ఇటు మార్చాడు.

డ్రమ్ము వచ్చింది. గుమ్మం చెక్కలోంచి, పీటలోంచి, నేలలోంచి వచ్చింది. అమ్మ మొహంలో ముడత విడిపోయింది. పక్కనున్న బఠాణీల గిన్నె అంచు మీద ఆమె వేళ్లు ఒకసారి ఆగాయి, తడబడ్డాయి, ఆ తర్వాత తాళం అందుకున్నాయి.

నాన్న ఎదురుగా కూర్చుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ ఏదో చెప్పబోయాడు. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"పాటయ్యాక చెప్పండి."

అని కళ్లు మూసుకుంది.

రెండేళ్లుగా ఇంట్లో ఒక్క మాట కూడా పోగొట్టుకోకూడదని రెప్పవేయకుండా చూసిన మనిషి, ఇద్దరినీ తన చూపుకి బయట కూర్చోబెట్టి, ఒక పాటంతసేపు తనలో తాను ఉండిపోయింది. తండ్రీ కూతుళ్లు అంగుళం కదల్లేదు. పాట అయ్యి ఆమె కళ్లు తెరిచేసరికి రెండు తడి మొహాలూ ఆమె వైపే తిరిగి ఉన్నాయి.